వారంటీ తీరాక ‘బయట’: జల్‌పల్లి వైపు బ్యాటరీ మరమ్మతు చరిత్ర

హైదరాబాద్‌లో బండి బాగు చేయించుకోవడానికి రెండు చోట్లున్నాయి: ఒకటి షోరూమ్, రెండోది ‘బయట’. కంపెనీ సర్వీస్ సెంటర్ కానిదంతా బయటే. వీధి చివరి షెడ్డు, ఆటో ఎలక్ట్రీషియన్ కొట్టు, లేత్, వైండింగ్ దుకాణం అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. వారంటీ ఉన్నన్నాళ్లు షోరూమ్, అది తీరాక బయట అన్నది పెట్రోలు, డీజిలు బళ్ల యజమానులకు తరాలుగా అలవాటైన పద్ధతి. బయట కూలి తక్కువ. పైగా చెడిన ముక్క ఒక్కటే మార్చి మిగతాది ఉంచేస్తారు.

విద్యుత్ కారు వచ్చాక ఈ పద్ధతి చిక్కులో పడింది. ఆ కారులో అన్నిటికంటే ఖరీదైనది బ్యాటరీ ప్యాక్. దాన్ని తెరిచే పరికరం, తెరిచాక నడిపించే సాఫ్ట్‌వేర్, అందులో వేయాల్సిన విడిభాగం మూడూ తయారీదారు చేతిలోనే ఉంటాయి. ఈ చిక్కు విద్యుత్ కారుతోనే పుట్టింది కాదు. బ్యాటరీ మూత దశాబ్దాలుగా కొద్దికొద్దిగా బిగుసుకుంటూ వచ్చింది. అది బిగుసుకున్న కొద్దీ వారంటీ పొడుగైంది, బయటి మెకానిక్‌కు చోటు తగ్గింది. ఈ చరిత్రలోని కొన్ని మెట్లు పాతబస్తీ దక్షిణపు అంచున, జల్‌పల్లి చుట్టుపక్కల కనిపిస్తాయి.

తుక్కు గోదాముల ఊరు

చాంద్రాయణగుట్ట, బార్కస్ దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే షాహీన్‌నగర్ వస్తుంది. ఆ తర్వాత పహాడీషరీఫ్ గుట్ట మీద 13వ శతాబ్దపు సూఫీ బాబా షర్ఫుద్దీన్ దర్గా. ఈ దారి పక్కనే జల్‌పల్లి ఊరు, దాని చెరువు. బతుకంతా పాతబస్తీతోనే ముడిపడి ఉన్నా పరిపాలనలో మాత్రం ఇది రంగారెడ్డి జిల్లాది. మొదట సరూర్‌నగర్ మండలంలో ఉండేది, 2016 పునర్విభజనతో బాలాపూర్ మండలంలోకి వచ్చింది. మున్సిపాలిటీ అయింది కూడా ఆ సంవత్సరమే.

నగరం పెరిగిన కొద్దీ తుక్కు వ్యాపారం చౌక నేల వెతుక్కుంటూ ఊరి చివరికి జరిగింది. పాత ఇనుము, ప్లాస్టిక్, అరిగిన టైర్లు, విప్పేసిన యంత్రాలు చేరే గోదాములు కాటేదాన్, శాస్త్రిపురం, జల్‌పల్లి వైపు వెలిశాయి. ఇంకో పక్క, తూర్పున బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాల మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది. కంచన్‌బాగ్‌లో మిశ్ర ధాతు నిగమ్, ఇనుమేతర లోహాల పరిశోధనకు ఎన్‌ఎఫ్‌టీడీసీ ఉన్నాయి. బ్యాటరీ పదార్థాన్ని తయారుచేయడం మీద పరిశోధన జరిగే చోటుకూ, పాడైన సామాను తేలే చోటుకూ మధ్య కొద్ది కిలోమీటర్ల దూరమే.

మూత తెరుచుకున్న కాలం

హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 1932 జూన్‌లో వచ్చాయి. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. బస్సులతో, కార్లతో పాటు సీసపు బ్యాటరీ వచ్చింది, దానితో పాటు దాన్ని బాగుచేసే వృత్తి వచ్చింది.

ఆనాటి బ్యాటరీ నల్లటి గట్టి రబ్బరు పెట్టె. పైన తారు పోసి మూసేవారు. ఒక్కో సెల్‌ను పక్క సెల్‌తో కలిపే సీసపు పట్టీలు బయటికే కనిపించేవి. అందువల్ల ఏ సెల్ పోయిందో వోల్టుమీటరుతో సెల్ సెల్‌కూ చూడవచ్చు, యాసిడ్ చిక్కదనాన్ని హైడ్రోమీటరుతో కొలవవచ్చు. చెడిన సెల్ దొరికితే పట్టీ కోసి, తారు కరిగించి, ప్లేట్ల కట్టను పైకి తీస్తారు. కొత్త ప్లేట్లు, వాటి మధ్య కొత్త విభాజకాలు పెట్టి, సీసం కరిగించి పట్టీ అతికి, మళ్లీ తారు పోస్తారు. ఆరు సెల్స్‌లో ఒకటి పోతే ఒకటే మారేది. ఈ పని బడిలో నేర్పేవారు లేరు. ఉస్తాద్ దగ్గర చేరిన కుర్రాడు డిస్టిల్డ్ వాటర్ పోయడంతో మొదలుపెట్టి ఏళ్ల మీద ప్లేటు కట్టడం దాకా వచ్చేవాడు.

బ్యాటరీ ఖర్చు ఎవరు మోయాలన్న ప్రశ్న కూడా ఆ కాలంనాటిదే. అమెరికాలో 1910ల నాటికి విద్యుత్ కార్లు, ట్రక్కులు వీధుల్లో తిరిగాయి. వాటి సీసపు బ్యాటరీ త్వరగా అరిగిపోయేది. హార్ట్‌ఫర్డ్ ఎలక్ట్రిక్ లైట్ కంపెనీ 1910 నుంచి 1924 వరకు ఒక పద్ధతి నడిపింది. యజమాని బ్యాటరీ లేని ట్రక్కు కొనుక్కుంటాడు, బ్యాటరీ కంపెనీది. నెలకు ఇంత, తిరిగిన మైలుకు ఇంత చెల్లిస్తే చాలు. అరిగిన బ్యాటరీ బెడద కంపెనీ నెత్తినే ఉండేది. వందేళ్ల తర్వాత, 2024లో, భారతదేశంలో ఎంజీ విండ్సర్ కారును బ్యాటరీకి కిలోమీటరు లెక్కన అద్దె కట్టే పద్ధతిలో అమ్మడం మొదలైనప్పుడు తిరిగి వచ్చింది ఈ పాత ఆలోచనే.

మూత బిగుసుకున్న కాలం

రబ్బరు పెట్టె స్థానంలో వేడితో అతికిన ప్లాస్టిక్ పెట్టె వచ్చింది. సెల్స్‌ను కలిపే పట్టీలు లోపలికి వెళ్లిపోయాయి. అలాంటి పెట్టెను పగలగొట్టకుండా తెరవడం కుదరదు. తర్వాత నీళ్లు పోయనక్కరలేని బ్యాటరీలు వచ్చాయి. ఈ మార్పులో తెలుగువారి భాగం పెద్దది. గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గరి కరకంబాడిలో సీల్డ్ బ్యాటరీలు తయారుచేసి, 2000లో అమరాన్ పేరుతో కార్ల బ్యాటరీల మార్కెట్‌లోకి దిగింది. హైదరాబాద్‌లో 1977లో మొదలైన హైదరాబాద్ బ్యాటరీస్, నేటి హెచ్‌బీఎల్, రక్షణ, రైల్వే అవసరాలకు ప్రత్యేక బ్యాటరీలు చేసింది.

సీల్డ్ బ్యాటరీతో పాటు కొత్త వారంటీ కార్డూ వచ్చింది. మొదటి కొన్ని నెలలు చెడితే కొత్తది ఉచితం, ఆ తర్వాతి నెలల్లో వాడిన కాలానికి తగ్గట్టు ధరలో కోత. దీన్ని ప్రో-రాటా అంటారు. గడువు తీరాక బ్యాటరీ మరమ్మతు అన్న మాటే పోయింది. పాతది కొట్లో ఇచ్చి, దాని తూకానికి తగ్గింపు తీసుకుని, కొత్తది వేయించుకోవడమే. బ్యాటరీ షాపు బాగుచేసే చోటు నుంచి మార్చే చోటుగా మారిపోయింది.

మార్చిన బ్యాటరీల్లోని సీసం ఎక్కడికో వెళ్లాలి. తుక్కు సీసాన్ని కరిగించే పని నగరం అంచుల్లో జరిగింది. బ్యాటరీ పరిశ్రమలు కూడా ఉన్న కాటేదాన్ పారిశ్రామిక వాడ మట్టి మీద హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో ప్రచురించిన అధ్యయనం సీసంతో సహా భారలోహాలు ఎక్కువగా పేరుకున్నాయని చూపింది. పాత బ్యాటరీలను డీలర్లు వెనక్కి తీసుకోవాలని, నమోదైన రీసైక్లర్లకే పంపాలని దేశంలో మొదటి నిబంధనలు 2001లో వచ్చాయి. చౌకగా తేలిన పని ఖరీదు నేల మీద, నీటి మీద పడుతుందన్నది సీసం నేర్పిన పాఠం. లిథియం వచ్చినప్పుడు ఇదే పాఠం మళ్లీ ముందుకొచ్చింది.

విద్యుత్ కారు రాక

భారతదేశంలో జనం కొనుక్కున్న మొదటి విద్యుత్ కార్లలో పేరు పొందింది బెంగళూరు రేవా. 2001లో వచ్చిన ఈ చిన్న కారు సీటు కింద ఆరు వోల్టుల సీసపు బ్యాటరీలు 8 ఉండేవి, కలిపి 48 వోల్టులు. కొన్నేళ్లకు అవి అరిగితే మొత్తం కట్టను మార్చుకోవాలి. విద్యుత్ కారు యజమానికి ఎదురయ్యే పెద్ద ఖర్చు మొదట కనిపించింది ఇక్కడే. అయితే ఆ బ్యాటరీలు విడివిడి పెట్టెలు, వోల్టేజీ తక్కువ. సీసపు బ్యాటరీ తెలిసిన చెయ్యి వాటిని పట్టుకోగలదు. 2010లో రేవా మహీంద్రా చేతికి వెళ్లింది. 2013లో వచ్చిన ఈ2ఓ కారులో లిథియం-అయాన్ ప్యాక్ అమరింది.

హైదరాబాద్‌లోనూ ప్రయత్నాలు జరిగాయి. పాత పెట్రోలు కారు ఇంజిన్ తీసేసి మోటారు, బ్యాటరీ అమర్చే రెట్రోఫిట్ పనిని ఈట్రియో అనే స్థానిక సంస్థ 2017 ప్రాంతంలో ఆల్టో కార్ల మీద చేపట్టింది. 2019 మార్చిలో ఆర్టీసీ విమానాశ్రయం దారిలో 40 విద్యుత్ బస్సులు నడిపింది. ఆ ఏడాదే హ్యుందాయ్ కోనా, 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ, ఎంజీ జడ్‌ఎస్ ఈవీ మార్కెట్‌లోకి వచ్చాయి.

తెలంగాణ ప్రభుత్వం 2020 అక్టోబరు 30న విద్యుత్ వాహన విధానం ప్రకటించి, మొదటి 5,000 సొంత కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. 2024 నవంబరు 18 నుంచి ఆ పరిమితి ఎత్తేసి 2026 డిసెంబరు 31 దాకా మినహాయింపు పొడిగించింది. కేంద్రం 2019 ఆగస్టు నుంచి విద్యుత్ వాహనం మీద జీఎస్టీని 5 శాతానికి తగ్గించింది. విడిగా కొనే లిథియం-అయాన్ బ్యాటరీ మీద మాత్రం 2018 జులై నుంచి 18 శాతం ఉంది. కారుతో కలిపి వస్తే బ్యాటరీ మీద 5 శాతం, అదే బ్యాటరీ పోయి ఇంకోటి వేయిస్తే 18 శాతం. ప్రభుత్వ సాయమంతా కొనే రోజు చుట్టూ తిరిగింది, నడిపే ఏళ్లకు అందలేదు.

ఎనిమిదేళ్లు, లక్షా అరవై వేలు

కోనాకూ మొదటి నెక్సాన్ ఈవీకీ బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఈ అంకె వెనక అమెరికా లెక్క ఉంది: 1,60,000 కిలోమీటర్లంటే దాదాపు లక్ష మైళ్లు. ఐక్యరాజ్య సమితి వేదిక మీద 2022లో ఆమోదించిన ప్రపంచ సాంకేతిక నియమం కూడా ఈ కొలతనే వాడింది. కారు బ్యాటరీలో 5 ఏళ్లకు లేదా లక్ష కిలోమీటర్లకు 80 శాతం శక్తి, 8 ఏళ్లకు లేదా 1,60,000 కిలోమీటర్లకు 70 శాతం మిగిలి ఉండాలంటుంది ఆ నియమం.

ఒకే కారులో వారంటీలు రెండు. బ్యాటరీకి, మోటారుకు 8 ఏళ్లైతే, మిగతా బండికి అంతకంటే చాలా తక్కువ. మొదటి నెక్సాన్ ఈవీకి అది 3 ఏళ్లు. కాబట్టి 2020లో కొన్న కారుకు మొదటి గడువు 2023లోనే ముగిసింది, బ్యాటరీ గడువు 2028లో ముగుస్తుంది. క్యాబ్‌కు క్యాలెండరుతో పని లేదు. రోజుకు 150 కిలోమీటర్లు తిరిగే బండి మూడేళ్లలోనే 1,60,000 దాటుతుంది. అందుకే వారంటీ తీరిన బ్యాటరీ సమస్య సొంత కార్ల కంటే ముందు క్యాబ్‌ల మీద పడుతుంది.

ప్యాక్ మొత్తం మార్చే ఖర్చుకు ఒక అంచనా ఉంది. బ్లూమ్‌బెర్గ్ ఎన్‌ఈఎఫ్ లెక్కలో 2024లో ప్యాక్ ధర ప్రపంచ సగటు కిలోవాట్-అవర్‌కు 115 డాలర్లు. మొదటి నెక్సాన్ ఈవీ ప్యాక్ 30.2 కిలోవాట్-అవర్లు. ఈ సగటు ప్రకారం దాని విలువ దాదాపు 3 లక్షల రూపాయలు. ఇది కంపెనీలు టోకున కొనే ధర. విడిభాగంగా వచ్చేసరికి డీలరు లాభం, రవాణా, కూలి, 18 శాతం పన్ను దీనికి తోడవుతాయి.

ఏది బయట బాగవుతుంది

విద్యుత్ కారులో చెడేదంతా ప్యాక్ కాదు. తరచుగా మార్చాల్సి వచ్చే వాటిలో ఒకటి లైట్లకు, కంప్యూటర్లకు కరెంటిచ్చే మామూలు 12 వోల్టుల బ్యాటరీ. అది ‘కూర్చుంటే’ ప్యాక్ నిండుగా ఉన్నా కారు లేవదు. దాన్ని ఏ బ్యాటరీ షాపులోనైనా మార్చవచ్చు. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు, ఏసీ గ్యాస్ పాత షెడ్డు పనులే.

రెండో వరసలో మోటారు ఉంటుంది. బోరు మోటార్లు కాలిపోవడం తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. అందువల్ల ప్రతి మండల కేంద్రంలో రీవైండింగ్ దుకాణం పుట్టింది. బేరింగు మార్చడం, తీగ చుట్టడం తెలిసిన చేతులకు ఇక్కడ కొదవ లేదు. కారు మోటారు రోటర్‌లో బలమైన అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి దాన్ని విప్పడానికి వేరే పరికరాలు కావాలి. బేరింగు శబ్దం లాంటి జబ్బులు మాత్రం ఈ విద్యకు అందేవే.

మూడో వరస ఎలక్ట్రానిక్స్: కారులోని చార్జరు, డీసీ-డీసీ కన్వర్టరు, ఇన్వర్టరు. ‘బోర్డు పోయింది’ అనే మాట వీటికే. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ల బోర్డుల మీద చిప్పులు మార్చే నైపుణ్యం ఈ నగరంలో ఎప్పటినుంచో ఉంది. షోరూమ్‌లో మొత్తం యూనిట్ మార్చాలనే చోట, బోర్డు మీద కాలిన ఒక్క కెపాసిటరో ట్రాన్సిస్టరో మార్చితే సరిపోయే సందర్భాలున్నాయి.

చివరిది ప్యాక్. అందులో సెల్స్ మాడ్యూళ్లుగా కట్టి ఉంటాయి. ఒక సెల్ బలహీనపడితే మిగతావి బాగున్నా మొత్తం ప్యాక్ దాని స్థాయికే పరిమితమవుతుంది. సెల్ సెల్‌కూ వోల్టేజీ చూసి బలహీనమైన మాడ్యూల్ మార్చడం సాంకేతికంగా సాధ్యమే. తారు పెట్టె కాలంలో ఉస్తాద్ చేసింది ఇదే. అయితే చాలా కార్లలో ప్యాక్ వోల్టేజీ 300 దాటుతుంది, పొరపాటు జరిగితే ప్రాణం పోతుంది. మార్చిన మాడ్యూల్‌ను ప్యాక్‌ను కాపలా కాసే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) గుర్తించాలి, దానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. ఉస్తాద్‌కు చెయ్యి తిరిగితే చాలేది. ఇప్పుడు పాస్‌వర్డ్ కూడా కావాలి.

చట్టం ఎంతవరకు

విడిభాగాలను, పరికరాలను బయటి మెకానిక్‌కు అందనివ్వకపోవడం మీద దేశంలో పెద్ద తీర్పు విద్యుత్ కార్లకు ముందే వచ్చింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, లోపం కనిపెట్టే పరికరాలు, సాంకేతిక సమాచారం స్వతంత్ర గ్యారేజీలకు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. బయట పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దు చేయడాన్నీ తప్పు పట్టింది. కంపెనీలు పైకోర్టులకు, అప్పీలు వేదికలకు వెళ్లాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో కార్ల మరమ్మతు హక్కు చట్టం చేసింది. భారత వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలూ ఉన్నాయి.

వారంటీ తీరినా యజమానికి కొన్ని దారులున్నాయి. తయారీలోనే లోపముందని చూపగలిగితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. గడువు కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లు. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోలేం. మామూలు అరుగుదలకు, యంత్ర వైఫల్యానికి మోటారు పాలసీ డబ్బివ్వదు. ప్రమాదంలో పాడైన బ్యాటరీకి 50 శాతం తరుగు తీసేయాలన్న పద్దు కూడా 2002 మోటారు టారిఫ్‌ది, అంటే చిన్న సీసపు బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని రాసింది.

నిప్పు, నీరు

ప్యాక్‌ను తెలియని చేతులకు ఇవ్వడానికి భయం ఊరికే పుట్టలేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు చెలరేగి 8 మంది చనిపోయారు. ఆ ఏడాది చివర్లోనూ 2023 మార్చి ఆఖరులోనూ రెండు విడతలుగా బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కేంద్రం కఠినం చేసింది.

పాతబస్తీ దక్షిణానికి నీటి భయం కూడా ఉంది. 2020 అక్టోబరు వానలకు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి హాఫిజ్‌బాబానగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి, వీధుల్లో బండ్లు కొట్టుకుపోయాయి. చాలా కార్ల ప్యాక్‌లకు ఐపీ67 రక్షణ ఉంటుంది. మీటరు లోతు నీటిలో అరగంట దాకా నీరు చొరదని దాని అర్థం. రాత్రంతా వరదలో నిలిచిన బండికి ఆ హామీ వర్తించదు. ఒకసారి బయటివాళ్లు విప్పి, సీలు సరిగా వేయని ప్యాక్‌కు ఆ కాస్తా ఉండదు.

చివరి మజిలీ

బాగుపడని ప్యాక్ కథ తుక్కు దగ్గర ముగుస్తుంది. 2022 ఆగస్టు 22న వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2001 నిబంధనల స్థానంలోకి వచ్చి, లిథియంను కూడా తమ పరిధిలోకి తెచ్చాయి. పాత బ్యాటరీని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుది. విద్యుత్ వాహన బ్యాటరీ నుంచి తిరిగి రాబట్టాల్సిన పదార్థం 2024-25లో 70 శాతం, 2026-27 నుంచి 90 శాతం. నమోదు కాని గోదాములో ప్యాక్‌ను పగలగొట్టడం ఈ నిబంధనలకు విరుద్ధం.

బ్యాటరీ తయారీకి, మరమ్మతుకు, తుక్కుకు మధ్య ఉన్న అంతరాన్ని పరిశోధన, శిక్షణ ఇప్పుడు పూడ్చే పనిలో ఉన్నాయి. చర్లపల్లిలోని కేంద్ర పరిశోధన సంస్థ సీ-మెట్ పాత లిథియం బ్యాటరీల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద పనిచేస్తోంది. బాలాపూర్ ఏఆర్‌సీఐ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ క్యాథోడ్ పదార్థాన్ని రూపొందించి, హైదరాబాద్ సంస్థ ఆల్ట్‌మిన్‌కు ఆ సాంకేతికత ఇచ్చింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో లిథియం సెల్స్ కర్మాగారానికి 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. 65 ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే పథకం 2024 జూన్ 18న మల్లేపల్లి ఐటీఐలో మొదలైంది. ఆ కోర్సుల్లో విద్యుత్ వాహనాల మరమ్మతూ ఉంది. ఉస్తాద్ షెడ్డులో ఏళ్ల మీద అబ్బే విద్య తరగతి గదికి చేరింది. 2027-28లో మొదటి తరం కార్ల వారంటీలు తీరుతున్నప్పుడు, ఆ గదుల్లోంచి వచ్చే మెకానిక్‌కు కంపెనీ సాఫ్ట్‌వేర్, విడిభాగం అందితే ‘బయట’ మిగులుతుంది. అందకపోతే బాగుపడగల ప్యాక్‌లు కూడా తుక్కు దారే పడతాయి.